లావు పుస్తకం, సన్న పుస్తకం

చెల్లెల్ని ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. చిన్నప్పుడు గౌను జేబుల నిండా రాళ్ళు నింపుకొచ్చి మంచం కింద దాచేది, ఊడ్చేటప్పుడు చీపురుకు తగిలి అవి దొర్లుతుంటే అమ్మ చేత చీవాట్లు తినేది. అలా రాళ్ళమ్మ అయింది. అక్క పెద్దయ్యాక స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పింది కాబట్టి పంతులమ్మ. ఇద్దరికీ తల నెరిసినా ఆ పేర్లు అలాగే ఉండిపోయాయి.

రాళ్ళమ్మ ఉద్యోగమంతా మ్యూజియం కింద నేలమాళిగలో గడిచింది. కొండల్లోంచీ గనుల్లోంచీ తెచ్చిన రాళ్ళలో కోట్ల ఏళ్ళ కిందటి జంతువుల ఎముకలు ఇరుక్కుని ఉంటాయి. చుట్టూ ఉన్న రాతిని సూదులతోనూ, గాలితో నడిచే సన్నటి ఉలితోనూ రవ్వరవ్వగా తొలిచి, ఎముక మీద గీత పడకుండా బయటికి తీయడం ఆమె పని. ఆ పనిలో లేచే దుమ్ము గుడ్డ కట్టుకున్నా ఆగలేదు, మాస్కు పెట్టుకున్నా ఆగలేదు. రిటైరయ్యేనాటికి ఊపిరితిత్తులు అట్టల్లా గట్టిపడ్డాయని డాక్టరు చెప్పాడు.

"బతుకంతా శిలాజాలు తవ్వాను. ఇప్పుడు లోపల సొంతంగా ఒకటి తయారుచేసుకుంటున్నా," అని తన మీద తనే జోకు వేసుకునేది రాళ్ళమ్మ. ఆ నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆయాసంలోకి దిగి, కళ్ళ వెంట నీళ్ళు కారేవి.

ఆక్సిజన్ మిషను లేనిదే మెట్లు ఎక్కలేని స్థితి వచ్చాక పంతులమ్మ వెళ్ళి చెల్లెల్ని తన ఇంటికి తెచ్చుకుంది. పంతులమ్మ భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ముందు గది ఖాళీ చేసి, కిటికీ పక్కన మంచం వేయించింది. మిషను రోజంతా బుస్సు బుస్సుమంటూ ఉండేది. మొదట్లో చిరాగ్గా ఉన్నా తర్వాత ఆ చప్పుడు ఆగితేనే పంతులమ్మకు గుండె గుభేలుమనేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు లైబ్రేరియన్ వచ్చాడు. లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు, మాటకు ముందు ఒకసారి కళ్ళజోడు సర్దుకునే అలవాటు.

"ఒక మీటింగు పెడుతున్నామండీ. ఒకే మనిషి గురించి ఈ మధ్య రెండు నవలలు వచ్చాయి కదా, వాటిని పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందామని. రాళ్ళమ్మగారు మాట్లాడితే బావుంటుంది. ఆ పని చేసినవాళ్ళు మనకి ఇంకెవరున్నారు?"

ఆ మనిషి ఎవరంటే, ఎన్నో తరాల కిందట సముద్రపు ఒడ్డున సున్నపు బట్టీలో పనిచేసేవాళ్ళ ఇంట్లో పుట్టిన ఒక ఆడపిల్ల. ఊళ్ళో బట్టీ పిల్ల అనేవాళ్ళు. బడి మొహం చూడలేదు. సున్నపురాయి కోసం కొండ తవ్వుతుంటే కనబడిన ఎముకల్ని వదలకుండా, జీవితమంతా ఆ కొండ కిందే గడిపి, అంతవరకూ ఎవరూ చూడని సముద్ర జంతువుని రాతిలోంచి బయటికి తీసింది. ఆ పని చేసిన ఆడవాళ్ళలో ఆమే మొదటిది. పెళ్ళి చేసుకోలేదు. ఆమె గురించి ఇంతకు మించి ఎవరికీ పెద్దగా తెలియదు.

ఆమె మీద వచ్చిన రెండు నవలల్లో లావు పుస్తకం పంతులమ్మ రాసింది. సన్న పుస్తకం రాసినావిడ ఎవరో కొత్త మనిషి, రైల్వే టికెట్ల కౌంటర్లో పనిచేస్తుందట.

"అక్క పుస్తకానికి చెల్లెలి చేత మార్కులు వేయిస్తారా?" అని నవ్వింది పంతులమ్మ. "ఊరంతా ఏమనుకుంటుంది?"

"మీ చెల్లెలుగారి నోటి గురించి ఊరందరికీ తెలుసులెండి. మొహమాటపడే రకం కాదు," అన్నాడాయన.

రాళ్ళమ్మ మంచం మీంచే చెయ్యెత్తి సరేనంది.

పంతులమ్మకు లోపల ఒక ముల్లు ఉంది. పుస్తకం వచ్చి ఏడాది దాటింది. మొట్టమొదటి ప్రతి చెల్లెలికే ఇచ్చింది. లోపలి పేజీలో "నా రాళ్ళమ్మకు" అని అచ్చువేయించింది కూడా. ఎప్పుడు అడిగినా చెల్లెలు మాత్రం "చదువుతాలే అక్కా, తొందరేముంది," అంటూ నీళ్ళు నమిలేది. ఇప్పుడు లైబ్రరీ పుణ్యమా అని చదవక తప్పదు. అయితే రాళ్ళమ్మకు పుస్తకం పట్టుకునే ఓపిక లేదు, నాలుగు పేజీలకే చేతులు వాలిపోతున్నాయి. దాంతో అక్కే చదివి వినిపించాలని తేలింది. సొంత నవలతో పాటు పోటీ నవలని కూడా గొంతెత్తి చదవాల్సి రావడం పంతులమ్మకు కాకరకాయ మింగినట్టే ఉంది, కానీ చెల్లెలి కోసం ఒప్పుకుంది.

పొద్దున్నే కాఫీ అయ్యాక కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళు. లావు పుస్తకంలో ఒక అధ్యాయం, తర్వాత సన్న పుస్తకంలో ఒకటి.

లావు పుస్తకం తుఫానుతో మొదలవుతుంది. కొండచరియ విరిగి తండ్రి మీద పడుతుంది. పిల్ల ఏడుస్తూ మట్టి తవ్వుతుంటే ఎముకలు బయటపడతాయి. పంతులమ్మ గొంతు పాఠాలు చెప్పి చెప్పి నలిగిన గొంతు, ఎక్కడ ఆపాలో ఎక్కడ దించాలో దానికి తెలుసు. తుఫాను చదివితే గదిలో గాలి వీచినట్టుండేది.

సన్న పుస్తకంలో అలాంటివేమీ లేవు. బట్టీ పిల్ల ఉలి సానపెట్టుకోవడంతో మొదలవుతుంది. ఒక అధ్యాయమంతా ఆమె ఒక చలికాలం పాటు ఒకే ఒక్క రెక్క ఎముకని శుభ్రం చేస్తుంది. అంతే, ఇంకేమీ జరగదు. చదువుతుంటే పంతులమ్మకు ఆవులింతలు వచ్చాయి.

"ఏముందే ఇందులో? తోమింది, తుడిచింది, మళ్ళీ తోమింది. ఇది నవలా, అంట్లగిన్నెల కథా?" అంది పేజీ తిప్పుతూ.

తలెత్తి చూస్తే రాళ్ళమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోలేదు. దుప్పటి మీద ఆమె కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయి. బొటనవేలు, చూపుడువేలు దగ్గరకి చేర్చి, లేని సూదిని పట్టుకుని, లేని రాతిని గీకుతోంది. ముక్కుకు గొట్టం పెట్టుకున్న ఆ మొహంలో పంతులమ్మ చాలాకాలంగా చూడని కళ ఏదో ఉంది.

"చదువక్కా, ఆపకు," అంది.

పంతులమ్మ చదివింది. చదువుతున్నంతసేపూ ఉడుక్కుంటూనే ఉంది. తన తుఫానుకు కదలని మనిషి ఈ ఎముక తోముడుకు పరవశించిపోతోందే అని.

కొన్నాళ్ళకు లావు పుస్తకంలో అసలైన ఘట్టం వచ్చింది. గుర్రం మీద ఒక యువ శాస్త్రవేత్త వస్తాడు. బట్టీ పిల్ల చేతులు చూసి, "ఈ చేతులు రాళ్ళ కోసం పుట్టినవి కావు," అంటాడు. ఇద్దరికీ ప్రేమ. అతను పట్నం వెళ్ళి జమీందారు కూతుర్ని చేసుకుంటాడు. ఆ గాయంతోనే ఆమె మిగిలిన జీవితమంతా ఎముకలు తవ్వుతుంది. తవ్వుతున్నది రాతినో తన గుండెనో ఆమెకే తెలియదు. ఈ వాక్యం చదివి ఏడ్చామని పంతులమ్మకు ఎంతమంది ఫోన్లు చేశారో!

ఆ వాక్యం దాకా వచ్చేసరికి రాళ్ళమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ ఆపక్కా. దీని గురించి అడగాలి."

"అడుగు."

"ఈ అబ్బాయి ఎక్కణ్ణించి వచ్చాడు?"

"కల్పన. నవల కదా మరి."

"అది తెలుసు. ఎందుకు తెచ్చావని?"

పంతులమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఎందుకేమిటే? ఆడపిల్ల, ఒక్కతే, నా అన్నవాళ్ళు లేరు. పొద్దస్తమానం రాళ్ళూ ఎముకలూ. బతుకంతా అంతే అంటే చదివేవాళ్ళు నమ్మొద్దూ? ఏదో దెబ్బ తగిలి ఉండాలి. లేకపోతే ఎవరైనా అలా ఎందుకు బతుకుతారు?"

మిషను బుస్సుమంటూనే ఉంది. రాళ్ళమ్మ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుంది.

"నేను బతికాను కదక్కా."

పంతులమ్మకు తల కొట్టేసినట్టయింది. "నీ సంగతి వేరు," అని గొణిగింది.

"వేరేం కాదు. ఈ పుస్తకం నేను ముందే చదివాను. ఇచ్చిన వారంలోనే చదివేశా. చదవలేదని అబద్ధం చెప్పాను. ఏం చెప్పాలో తెలియక. నామీద జాలి పడి రాశావు." ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు మా ఇంటికి వచ్చి వెళ్ళేటప్పుడల్లా గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకునేదానివి. నేను చూడలేదనుకున్నావా? బావ పోయాక నువ్వూ ఒక్కదానివేగా. నిన్ను చూసి నేనెప్పుడైనా అలా ఏడ్చానా?"

"రాళ్ళూ..."

"ఉండు, చెప్పనీ. మా మ్యూజియంలో ఒక పెద్ద జంతువు కన్ను రాతిలోంచి తీసిన రోజు... కన్నంటే కన్ను కాదు, కంటి చుట్టూ ఉండే ఎముకల చక్రం, పువ్వు రేకుల్లా ఉంటుంది. పొద్దున్నించీ గీకుతున్నా. సాయంత్రానికి ఒక్కసారిగా మీద రాయి రాలిపోయింది. అది నన్నే చూస్తున్నట్టు ఉంది. ఈ భూమ్మీద మనిషి పుట్టాక దాన్ని చూసిన మొదటిదాన్ని నేను. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరికైనా చెప్పాలి కదా? నీకు ఫోన్ చేశాను. గుర్తుందా?"

పంతులమ్మకు గుర్తు లేదు.

"'అక్కా, ఇవాళ కన్ను దొరికింది' అన్నాను. 'అలాగా, అన్నం తిన్నావా?' అన్నావు."

అంత మాట అని ఆమె దగ్గుకు వశమైపోయింది. పంతులమ్మ లేచి వీపు నిమరబోతే చెయ్యి తోసేయలేదు కానీ, ఆనుకోనూ లేదు. దగ్గు తగ్గాక చెల్లెలు నెమ్మదిగా అంది: "ఆ సంతోషం నీ లావు పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదక్కా. ఆ సన్న దాంట్లో ఉంది."

పంతులమ్మకు రోషం ముంచుకొచ్చింది. "ఏళ్ళ తరబడి రాశాను నీ కోసం. చివరికి ఎవత్తో టికెట్లు కొట్టేదాని పాటి చెయ్యనిదాన్నయ్యాను!" అని పుస్తకం మంచం మీద పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటలు కరువయ్యాయి. పళ్ళెం పెట్టడం, తీయడం, మందు ఇవ్వడం, దుప్పటి సర్దడం. చదవడం ఆగిపోయింది. రాళ్ళమ్మ ఒకటి రెండుసార్లు "అక్కా" అని మొదలుపెట్టింది. "పని ఉంది," అంటూ పంతులమ్మ మొహం చాటేసింది. కోపం చెల్లెలి మీద కాదు. ఆ ఫోను సంగతి ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు, అదీ ఆమెను తినేస్తున్నది.

ఒక మధ్యాహ్నం పక్కింటావిణ్ణి కాస్త చూస్తుండమని చెప్పి పంతులమ్మ మ్యూజియానికి వెళ్ళింది. నవల కోసం పాత పత్రికలు తిరగేసింది, సముద్రం దాకా వెళ్ళి కొండ చూసొచ్చింది, కానీ చెల్లెలు అన్నేళ్ళు పనిచేసిన నేలమాళిగలో ఒక్కసారీ అడుగుపెట్టలేదు. ఆ దుమ్ము తనకు పడదని ఎప్పుడూ పైనే కూర్చుని కబురంపేది.

కింద చెల్లెలి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆ విభాగానికి పెద్దయిన ఒకావిడ ఎదురొచ్చింది. రాళ్ళమ్మ అక్కనని చెప్పగానే చేతులు తుడుచుకుని లోపలికి తీసుకెళ్ళింది. పొడవాటి బల్లలు, వంగే మెడ ఉన్న దీపాలు, ఇసుక సంచుల మీద ఆనించిన రాతి పలకలు, దంతవైద్యుడి దగ్గర ఉండేలాంటి సన్నటి సూదులు. చివరి బల్ల మీద ఆ జంతువు తల ఉంది. పంతులమ్మ వంగి చూసింది. చక్రంలా పేర్చిన పల్చటి ఎముక రేకులు, ఒక్కటీ విరగలేదు. మధ్యలో నల్లటి రాయి.

"దీని మీద ఎన్నాళ్ళు కూర్చుందమ్మా మా చెల్లి?"

"కూర్చోవడమేంటండీ, దీంతో కబుర్లు చెప్పేది. 'ఇంకాస్త ఓపిక పట్టవే తల్లీ, అయిపోవచ్చింది' అనేది. మేం నవ్వేవాళ్ళం."

ఆవిడ ఒక పనికిరాని రాతిముక్క ఇచ్చి, సూది చేతికిచ్చింది. పంతులమ్మ భూతద్దం కింద గీకింది. మెడ లాగేస్తోంది, కళ్ళు మండుతున్నాయి. చాలాసేపటికి బూడిదరంగు పొడి కింద తళుక్కుమంటూ గోధుమరంగు అంచు ఒకటి కనబడింది. ఏ చేప పొలుసో. వేలిగోరంత కూడా లేదు. అయినా ఆమె ఒళ్ళు ఝల్లుమంది. "అరే!" అని పైకే అనేసింది. చుట్టూ చూసింది, ఎవరికైనా చెప్పాలని.

అక్కణ్ణించి ఇంటికి దాదాపు పరిగెత్తింది. బస్సులో కూర్చుని ప్రశ్నలు పేర్చుకుంది. కన్ను బయటపడ్డాక ముందేం చేశావు? భయం వేయలేదా? రాయికీ ఎముకకీ తేడా చేతికి ఎలా తెలుస్తుంది? ముందుగా ఏది అడగాలి? అన్నం సంగతి మాత్రం అడగకూడదు, అనుకుని ఒంటరిగా నవ్వుకుంది.

వీధి మలుపులోనే పక్కింటావిడ ఎదురొచ్చింది, చెప్పులు కూడా లేకుండా. "ఉన్నట్టుండి ఊపిరి అందలేదండీ. అంబులెన్సు పిలిచాం. మీకు ఎన్నిసార్లు ఫోన్ చేశామో!"

నేలమాళిగలో ఫోను పలకదు.

ఆసుపత్రిలో రాళ్ళమ్మ గొంతులోకి గొట్టం వేశారు. నొప్పి తెలియకుండా మత్తులో ఉంచారు. ఛాతీ మిషను చెప్పినట్టు లేచి పడుతోంది. మాటలు వినబడతాయా అని అడిగితే, "వినబడొచ్చు, చెప్పలేం. మాట్లాడండి," అన్నాడు డాక్టరు.

పంతులమ్మ కుర్చీ దగ్గరకి లాక్కుని మాట్లాడింది. "వెళ్ళొచ్చానే రాళ్ళూ. చూశాను. కన్ను చూశాను. నేనూ గీకాను తెలుసా, చేప పొలుసు దొరికింది. నువ్వు లేచాక బోలెడు అడగాలి." ఆ కుడిచేతి వేళ్ళ మధ్య తన వేలు పెట్టింది. బొటనవేలు కదులుతుందేమోనని చూస్తూ కూర్చుంది. కదల్లేదు. ఆమె చెప్పిందే మళ్ళీ చెప్పింది. నర్సు వచ్చి భుజం తట్టి టీ తాగి రమ్మన్నా లేవలేదు.

రాళ్ళమ్మ కళ్ళు తెరవలేదు. రెండోనాటి పొద్దున పోయింది.

మీటింగు రద్దు చేస్తానని లైబ్రేరియన్ వచ్చి, గుమ్మంలోనే నిలబడి కళ్ళజోడు సర్దుకున్నాడు. "వద్దండీ," అంది పంతులమ్మ. "చెల్లెలు మాట్లాడాల్సింది నేను మాట్లాడతాను."

ఆ రోజు హాల్లో కుర్చీలు నిండాయి. పరామర్శకు వచ్చినవాళ్ళే ఎక్కువ. పంతులమ్మ రెండు పుస్తకాలూ బల్ల మీద పెట్టుకుని నిలబడింది. పాఠం చెప్పే గొంతు ఆ రోజు ఆమె మాట వినలేదు.

"ఈ రెంటిలోనూ ఒకటే మనిషి," అంది. "నా దాంట్లో ఆమె దుఃఖంతో తవ్వుతుంది. ఈ సన్న దాంట్లో ఇష్టంతో తవ్వుతుంది. నేను తుఫాన్లు రాశాను, ప్రేమ రాశాను, మీరంతా ఏడ్చారు. అవన్నీ నాకు అర్థంకాని చోటు కనబడకుండా కప్పడానికి రాసుకున్నవి. ఒక మనిషి ఒక్కతే సంతోషంగా ఉండగలదని నాకు తోచలేదు. అలాంటి మనిషి నా పక్కనే ఉన్నా తోచలేదు. సన్న పుస్తకం చదవండి. ఇది మా చెల్లెలి తీర్పు. ఇప్పుడు నాదీ అదే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకెవరో ముక్కు చీదారు. పంతులమ్మ కూర్చుంది.

జనం వెళ్ళిపోతుండగా నడివయసు మనిషి ఒకావిడ దగ్గరకి వచ్చింది. చేతిసంచి రెండు చేతులతో గుండెలకు అదుముకుని ఉంది.

"సన్న పుస్తకం నాదేనండీ," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరన్న మాటలకి నాకు అర్హత లేదు. అవి నావి కావు."

"అంటే?"

"చిన్నప్పటినించీ బట్టీ పిల్లంటే పిచ్చి నాకు. ఆ పని ఎలా ఉంటుందో తెలీక మ్యూజియంలో అడిగాను. కింద ఒకావిడ ఉంది, వెళ్ళమన్నారు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చునేదాన్ని. పని చేసుకుంటూ చెబుతూ ఉండేవారు. ఆ చలికాలం అధ్యాయం ఉందే, అది రాళ్ళమ్మగారి మాటే, అక్షరం మార్చలేదు. పుస్తకంలో పేరు వేస్తానంటే ఒప్పుకోలేదు."

పంతులమ్మ ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "నేనూ బట్టీ పిల్ల మీదే రాస్తున్నానని మా చెల్లి చెప్పలేదా నీతో?"

"చెప్పకపోవడమేంటండీ! 'మా అక్కది పెద్ద పుస్తకం, అందులో అన్నీ ఉంటాయి, నువ్వు చిన్నది రాసుకో' అనేవారు. ఎంత గొప్పగా చెప్పుకునేవారో. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఇవన్నీ మీ అక్కగారికే చెప్పొచ్చు కదా, నాకెందుకు చెబుతున్నారు అని." ఆవిడ చెప్పాలా వద్దా అన్నట్టు పంతులమ్మ మొహంలోకి చూసింది.

"చెప్పమ్మా."

"'ఎప్పుడో అడుగుతుందిలే. అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పాలిగా, నీ దగ్గర అలవాటు చేసుకుంటున్నా' అని నవ్వారు."

పంతులమ్మకు ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చినా బావుండేది. హాల్లో మనిషి కుర్చీలు మడిచి గోడకు చేరవేస్తున్నాడు.

"నీకు ఇప్పుడు డ్యూటీకి టైమవుతుందా?" అని అడిగింది చివరికి.

"లేదండీ. ఇవాళ సెలవు పెట్టాను."

"అయితే కూర్చో. ఏం చెప్పింది? మొదట్నించీ చెప్పు. ఏదీ వదలకు."

హాలు మూసేస్తామంటే ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ తనకు గుర్తున్నంతవరకూ చెప్పుకొచ్చింది. సూది ఎలా పట్టుకునేదో, రాతికీ ఎముకకీ తేడా చెవికి ఎలా వినబడుతుందనేదో, పనికి కూర్చునే ముందు బల్లను ఒకసారి అరచేత్తో ఎలా నిమిరేదో. పంతులమ్మ పిల్లలా నోరు తెరుచుకుని వింది. మధ్యమధ్య ఆపి అడిగింది. కొన్నిటికి ఆవిడ జవాబు చెప్పింది.

"కన్ను దొరికిన రోజు," అంది పంతులమ్మ, "నాకు ఫోన్ చేసి పెట్టేశాక ఏం చేసిందట? ఇంకెవరికైనా చెప్పుకుందా?"

"ఆ సంగతి నాకు తెలీదండీ," అంది. "అది ఎప్పుడూ చెప్పలేదు."